వంకర ఎనిమిది

రెండున్నర.

జడ్జీలు ఎత్తి పట్టిన అట్టల్లో అంతకు మించి ఒక్కటీ లేదు. స్కేటింగ్ పోటీలో అడిగినట్టే, గెజీనా ఒంటికాలి మీద జారుతూ మంచులో ఎనిమిది అంకె వేసింది. మళ్ళీ దాని మీదే రెండుసార్లు దిద్దింది. మూడు గీతలూ ఒక్క గీతలా పడ్డాయి. అయినా ఆరుకి రెండున్నర. పశ్చిమ జర్మనీ జట్టులో మిగిలింది ఒక్క చోటు. ఈ మార్కులతో అది పోయినట్టే.

కోచ్ హిల్ట్రూడ్ మంచు చుట్టూ ఉన్న చెక్క అడ్డు దాటుకుని మంచు మీదికే దిగింది. ఏం చూసి వేశారో చెప్పమంది. మార్కుల మీద అభ్యంతరాలు తీసుకోబోమని ప్రధాన జడ్జి డాక్టర్ రైనెకె రూలు చదివి వినిపించాడు. ఆ రూలు రాసిందీ వాళ్ళే, చదివేదీ వాళ్ళే.

"రూలు నాకూ వచ్చు డాక్టర్ సార్. గీత దగ్గర మోకాలు వంచి చూడాలని కూడా రూలే. ఇందాక మీలో ఒక్కరైనా వంగారా? తప్పేదో చూపించండి, నోరు మూసుకుని పోతాను."

గ్యాలరీలో బెంచీలు దబదబా మోగాయి. గెజీనా నాన్నతోపాటు బొగ్గు గనిలో షిఫ్టు దిగి తిన్నగా వచ్చినవాళ్ళు ఒక వరస నిండా ఉన్నారు. వంగితే ఇస్త్రీ నలుగుతుందేమో పాపం అన్నాడొకడు. జనం గొల్లున నవ్వారు.

రైనెకె మొహం కందగడ్డయింది. గనోళ్ళ పిల్లలకి మంచు మీద ఏం పనని ఆయన మనసులో ఉన్నదే. రబ్బరు జోళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళాడు. పొద్దుటి నుంచి పిల్లలందరూ వేసిన ఎనిమిదులన్నీ అక్కడ పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని ముందు మోకాళ్ళ మీద కూచుని హిల్ట్రూడ్‌ని రమ్మన్నాడు.

"కళ్ళుంటే చూడండి. ఇక్కడ ఉబ్బింది, ఇక్కడ నొక్కుకుపోయింది. ఇది సున్నానా, బేకరీలో మెలితిప్పిన ప్రెట్జెలా? దీనికి రెండున్నర వెయ్యడం మా మంచితనం."

మిగతా జడ్జీలనీ పిలిచాడు. అందరూ ఇప్పుడు వంగారు. ఒకాయన వేలుతో కొలిచి పెదవి విరిచాడు. ఇంకొకావిడ, ఇలాంటి పిల్లల్ని ఇంత దూరం రానిచ్చిందెవరని అడిగింది. హిల్ట్రూడ్ చూసింది. గీత నిజంగానే వంకర.

గెజీనా ఏదో చెప్పబోయింది. ఆటగాళ్ళకు ఇక్కడ మాట్లాడే హక్కు లేదని రైనెకె చెయ్యెత్తాడు. గ్యాలరీలో బెంచీల చప్పుడు ఆగిపోయింది. గెజీనా నాన్న టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

అప్పుడు చెక్క అడ్డు పక్కనుంచి ఇంకో పిల్ల మంచు మీదికి వచ్చింది. ఫ్రీడెరీకె. పెద్ద క్లబ్బు అధ్యక్షుడి కూతురు. ఈ రెండున్నరతో ఆ ఒక్క చోటూ దక్కేది ఆ పిల్లకే. వాళ్ళమ్మ చెయ్యి పట్టి లాగింది. విదిలించుకుంది. జడ్జీల మధ్యకొచ్చి నిలబడి, ఆ గీత వంక ఒకసారి చూసి, నెమ్మదిగానే అంది.

"అది నాది, డాక్టర్ సార్. దానికి మీరు నాలుగున్నర వేశారు."