చూసిపోదామని వచ్చిన ఆవిడ

"అది స్టాఫు స్టూలు. లేవండమ్మా!"

సూపర్‌వైజరు గొంతు దుప్పట్ల సెక్షను దాకా వినిపించింది.

కర్టెన్ గుడ్డలు అమ్మే కౌంటరు వెనక, స్టూలు మీద ఒక పెద్దావిడ తాపీగా కూర్చుని ఉంది. కాళ్లు వాచి చెప్పులు బిగుసుకున్నాయి కాబోలు, విప్పి పక్కన పెట్టుకుంది. చుట్టూ సేల్స్ అమ్మాయిలు చేరి కిలకిల నవ్వుతున్నారు.

అసలే డిస్కౌంటు రోజులు. కొట్టు కిటకిటలాడుతోంది. పై అంతస్తులో కూర్చుని ఓనరు కెమెరాలో అంతా చూస్తుంటాడు. ఎవరు నవ్వినా చీవాట్లు మాత్రం సూపర్‌వైజరుకే.

"ఏం కావాలండీ మీకు?"

"ఏమీ వద్దమ్మా. ఊరికే చూసిపోదామని వచ్చాను."

"చూసిపోడానికి ఇదేం ఎగ్జిబిషనా?"

"నేనే కూర్చోమన్నాను మేడం," అంది అందరిలోకీ చిన్నమ్మాయి. "మోకాళ్లు సలుపుతున్నాయట."

"నిన్నడిగానా?"

పెద్దావిడ ఏమీ నొచ్చుకోలేదు. "నువ్వూ మధ్యమధ్యలో కూర్చుంటావా తల్లీ?" అంది.

"మా సంగతి మీకెందుకు?"

"బాత్‌రూంకి వెళ్లొస్తామంటే పంపిస్తున్నారా?"

బేరానికి వచ్చినవాళ్లంతా తలలు తిప్పారు. సూపర్‌వైజరుకి ఒళ్లు మండింది. ఇలాంటి ఆరాలు తీస్తోందంటే పక్క కొట్టువాళ్లు పంపిన మనిషైనా అయ్యుండాలి, మతి సరిగా లేని మనిషైనా అయ్యుండాలి.

"పెద్దవారని ఊరుకుంటున్నాను. లేస్తారా, వాచ్‌మన్‌ని పిలవమంటారా?"

పెద్దావిడ కౌంటరు అంచు పట్టుకుని లేచింది. లేవడానికి చాలాసేపే పట్టింది. చెయ్యందించబోయిన చిన్నమ్మాయిని సూపర్‌వైజరు కళ్లతోనే ఆపేసింది.

"కోప్పడకమ్మా, వెళ్తున్నా."

బయట మెట్ల మీద చతికిలబడబోతుంటే అద్దంలోంచి చూసి, సూపర్‌వైజరు వాచ్‌మన్‌కి సైగ చేసింది. అతను అక్కణ్ణుంచీ లేపాడు.

పైనుంచి ఫోన్ వచ్చింది. "శభాష్! గొడవ లేకుండా పంపించావ్," అన్నాడు ఓనరు.

ఆ మాటకి ఆ పూటంతా సూపర్‌వైజరు కాళ్లు నేలమీద ఆనలేదు.

తరవాతి వారం పొద్దున్నే అమ్మాయిలంతా కట్టగట్టుకుని వచ్చారు.

"ఒక గంట పర్మిషన్ కావాలి మేడం. ఒకావిడ పోయారు. చివరిచూపు చూసొస్తాం."

"మీ అందరికీ కలిపి ఒకే చుట్టమా? ఎవరే పోయింది?"

చిన్నమ్మాయి ఫోన్ చూపించింది. నడివీధిలో, పోలీసుల మధ్య, పిడికిలి ఎత్తి నిలబడిన నడివయసు మనిషి. జుట్టు నల్లగా ఉందన్న మాటే గానీ, అదే మొహం.

సూపర్‌వైజరు ఫోన్ చేతిలోకి తీసుకుంది. "ఎవరీవిడ?"

"కొట్లలో పనిచేసేవాళ్లు కూర్చోవచ్చని చట్టం వచ్చింది కదా, అది ఆవిడ పోరాటమే మేడం. దానికోసం జైలుకి కూడా వెళ్లారట. ఆ రోజు మాకూ తెలీదు. తనెవరో చెప్పలేదు. మీకు కాళ్లు లాగుతున్నాయా అని అడిగారు, అంతే."

సూపర్‌వైజరు కూడా ఇదే కౌంటరులో ఏళ్ల తరబడి నిలబడిన మనిషే. పిక్కల మీద నరాలు తాళ్లలా ఉబ్బిపోయాయి. కొట్లోకి మొదటిసారి స్టూళ్లు దిగిన రోజు, ఓనరుకి దయ పుట్టిందనుకుని చేతులెత్తి దణ్ణం పెట్టింది.

ఓనరుని అడక్కుండానే అమ్మాయిలతో బయల్దేరింది.

సందు నిండా ఆడవాళ్లు. రకరకాల కొట్ల యూనిఫారాలు. ఒక్కొక్కరే ముందుకెళ్లి ఆ పాదాలు తాకి వస్తున్నారు. పాదాలకి వాపు ఇంకా తగ్గలేదు.

ముందుకెళ్లే మొహం లేక సూపర్‌వైజరు గోడవారగా నిలబడిపోయింది.

"ఇటు రండి మేడం, ఇక్కణ్ణుంచి కనిపిస్తారు," అని చిన్నమ్మాయి పక్కకి జరిగి చోటిచ్చింది. ఆ గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు. కాస్తయినా ఉండుంటే బాగుండుననిపించింది ఆమెకి.

కొట్టుకి తిరిగొచ్చాక తిన్నగా మెట్లకింది గదిలోకి వెళ్లింది. అక్కడ టైలరు బాబాయి మిషను కుడుతున్నాడు. కొట్టు పెట్టినప్పటినుంచీ ఉన్న మనిషి అతనొక్కడే. జ్వరంతో ఇన్నాళ్లూ సెలవులో ఉండి ఇవాళే వచ్చాడు.

"బాబాయ్, ఆ పోయినావిడ మొన్న మన కొట్టుకి వచ్చింది."

బాబాయి మిషను ఆపి, కళ్లద్దాలు పైకి తోశాడు. "వచ్చిందా! ఎప్పటినుంచో అంటుండేదమ్మా, పోయేలోపు ఒక్కసారి ఆ కౌంటరులో కూర్చుని రావాలని. కాసేపు కూర్చుందా మరి?"

ఆమె తల పైకెత్తలేకపోయింది. "ఊళ్లో ఇన్ని కొట్లుండగా మన కొట్టుకే ఎందుకు బాబాయ్?"

"నీకు తెలీదూ? ఈ ఓనరు వాళ్ల నాన్న హయాంలో, ఆ కౌంటరులో పనిచేస్తూ, నెలలు నిండి నిలబడలేక గుడ్డల మూట మీద ఒక్క క్షణం కూర్చుందని అందరి ముందూ లేపి బయటికి గెంటేసింది ఆవిణ్ణే కదమ్మా!"