పలక పట్టిన మనిషి

"ఆరో లేన్! నీ పలక మనిషేదీ?"

రిఫరీ డ్వైట్ కేకకి మారెన్ తల దించుకుంది.

"ఎవరూ లేరు సార్."

"లేకపోతే ఎట్లాగమ్మా? పదిహేను వందల మీటర్లు. నీకు తెలీంది కాదు."

తెలుసు. ఆ మాటకొస్తే ఒహాయోలో ఈత కొట్టే ప్రతివాళ్ళకీ మారెన్ సంగతి తెలుసు.

ఈ పోటీలో ఆ గోడకీ ఈ గోడకీ ముప్పై సార్లు ఈదాలి. నీళ్ళలో మొహం పెట్టిన మనిషికి లెక్క నిలవదు. అందుకే ఒక్కొక్కరికీ ఒక మనిషి అవతలి గోడ దగ్గర మోకాళ్ళ మీద కూచుని, అంకె పలక నీళ్ళలో ముంచి చూపిస్తుంది. చివరి రౌండుకి ఎర్ర పలక.

పోయినేడు మారెన్‌కి పలక పట్టే దిక్కు లేదు. అందరికంటే ముందు ఈదుతూ, అయిపోయిందనుకుని గోడ పట్టుకుని ఆగిపోయింది. ఇంకో రౌండు మిగిలే ఉంది. జనం గోల విని తేరుకునేసరికి అందరూ దాటిపోయారు.

అంతకు ముందే కోచ్ వదిలేశాడు. ఇరవై ఏడేళ్ళదాని మీద టైము దండగన్నాడు. ఈ ఆట తీరే అంత. గెలిచినన్నాళ్ళూ మన పిల్ల. ఓడితే ఎవరి పిల్లో.

అప్పట్నించీ ఊరి కొలనులో ముసలాళ్ళ మధ్య ఒక్కతే ఈదింది. ఇవాళా ఒక్కతే కారు నడుపుకుంటూ వచ్చింది. పార్కింగులో, స్టీరింగు ముందు కూచుని వేరుశెనగ వెన్న పూసిన బ్రెడ్డు తింది. వీపుకి ఎండ క్రీము రాయమని ఎవర్ని అడగాలో తెలీక అట్లాగే వచ్చి నిలబడింది. వీపు మండుతోంది.

మొదటి ఇద్దరికే జాతీయ జట్టులో చోటు. ఇవాళ రాకపోతే ఇక రాదు.

"స్టాపు రాకముందే బస్సు దిగిపోకే మారెన్!" బెంచీ మీంచి ఎవరో పిల్ల అరిచింది.

నవ్వులు.

పక్కన ఐదో లేన్ టెస్సా. పందొమ్మిదేళ్ళ పిల్ల. గట్టు మీద ఆమె బలగం ఓ బెంచీ నిండా ఉంది. ఆమె బొమ్మ అతికించిన అట్టలు, మోగించడానికి ఆవు గంటలు. ఆమె పలక కోసం ముగ్గురు స్నేహితురాళ్ళు కొట్టుకుంటున్నారు.

"ఈ పిల్లకి నేను పడతాలే."

వాలంటీరు చొక్కా వేసుకున్న ఓ నడివయసు ఆడమనిషి ముందుకొచ్చింది. చేతిలో సగం తిన్న హాట్‌డాగు.

"మీకు లెక్క వచ్చా?" మారెన్ గొంతు కరుగ్గా వచ్చింది.

"ఇంటిల్లిపాది సాక్సులకీ జతలు కలిపేదాన్ని పిల్లా. ఇదో లెక్కా?"

"జోకులొద్దు. అంకె చూపించండి, చాలు. పలక ఊపొద్దు. నాకు చిరాకు."

పలక ఊపారంటే, వెనకాల ఎవరో తరుముకొస్తున్నారు, కదలమని అర్థం.

"సరే తల్లీ. నా పేరు రోండా." చెయ్యి చాపింది.

మారెన్ గాగుల్స్ సర్దుకుంటున్నట్టు నటించింది.

రోండా చాపిన చేతిని చొక్కాకి తుడుచుకుని అవతలి గోడకి నడిచింది.

విజిల్. దూకారు.

దూకిన ఊపుకి మారెన్ గాగుల్స్ పక్కకి జరిగి నీళ్ళు చేరాయి. కళ్ళు మండాయి. ఆపి సరిచేసుకుంటే వెనకబడుతుంది. ఆపలేదు.

సగం దూరం అయ్యేసరికి అంకె కనబడ్డం మానేసింది. పలక ఉంది, మసకగా. దాని మీద ఏముందో దేవుడికి తెలియాలి.

మళ్ళీ పోయినేడులాగే అవుతుందా?

తర్వాతి మలుపులో పలక బాగా దగ్గరికొచ్చింది. రోండా గట్టు మీద బోర్లా పడుకుని, భుజాల దాకా చేతులు నీళ్ళలో ముంచి, పలకని మారెన్ మొహానికి తగిలేంత దగ్గరగా పట్టింది. అంకె కనిపించింది.

ఆ తర్వాత ప్రతిసారీ అట్లాగే పట్టింది.

చివరికి ఎర్రగా కనిపించింది. ఆ ఎరుపు నిలకడగా లేదు. పిచ్చిపట్టినట్టు ఊగుతోంది.

ఊపొద్దని చెప్పానుగా మహాతల్లీ!

ఊగుతూనే ఉంది. తిరిగి గోడని తన్నేటప్పుడు, నీళ్ళ మీంచి గొంతు చించుకున్న కేక కూడా వినబడింది.

"వస్తోంది! పద! పద!"

ఎవరొస్తున్నారో మారెన్ చూడలేదు. చూడ్డానికి కళ్ళు లేవు. ఒంట్లో మిగిలినదంతా తీసి ఈదింది.

గోడ తాకింది. గాగుల్స్ పీకేసి బోర్డు చూసింది.

రెండోది తన పేరే. మూడోది టెస్సా. తేడా వేలిగోరంత.

ఆవు గంటలు ఆగిపోయాయి. ఐదో లేన్‌లో టెస్సా, లేన్ల మధ్య కట్టిన తాడు మీద తల వాల్చి వెక్కుతోంది.

మారెన్‌ని కౌగిలించుకోవడానికి ఎవరూ రాలేదు. ఆమె అవతలి గోడ వైపు చూసింది. పలక గట్టు మీద పడి ఉంది. మనిషి లేదు.

పతకం మెడలో పడ్డాక కొలను చుట్టూ వెతికింది. స్నానాల గదుల్లో చూసింది. హాట్‌డాగుల బండి దగ్గర చూసింది. చివరికి డ్వైట్‌ని పట్టుకుంది.

"నాకు పలక పట్టినావిడ ఎక్కడ సార్?"

"రోండానా? వెళ్ళిపోయిందిగా."

"అప్పుడేనా? నేను థాంక్స్ కూడా చెప్పలేదు. చెయ్యి చాపితే కూడా..."

"కూతురు ఏడుపు ఆపట్లేదని ఇంటికి తీసుకుపోయింది."

"ఎవరండీ ఆ కూతురు?"

డ్వైట్ ఆమె మొహంలోకి వింతగా చూశాడు.

"నీకు తెలీదా? టెస్సా వాళ్ళమ్మ కదూ ఆవిడ!"