ఒకవైపు కమీషన్

"అరవై వేలా? దేనికప్పా, తలుపు తీసి చూపించినందుకా?"

మునేష్ టీ గ్లాసును అరుగు మీద ఠక్కున పెట్టాడు. సగం టీ ఒలికిపోయింది.

ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో బ్రోకర్ కదిరప్ప కూర్చుని ఉన్నాడు. ఇల్లు ముప్పై లక్షలకు కుదిరిందన్న కబురు తెచ్చింది ఆయనే. అందులో తన కమీషన్ రెండు పర్సెంటు అని గుర్తుచేసిందీ ఆయనే. మొదటి మాటకు మునేష్ మొహం వెలిగింది. రెండో మాటకు ఒళ్ళు మండింది.

"మొదటి దినమే చెప్పినాను గదప్పా."

"చెప్పినావు, తల ఊపినా. ఇంత అయితాదని లెక్క వేసుకున్నానా? పదైదు వేలు ఇస్తా, తీసుకో."

"కుదరదు."

"ఊర్లో అందరూ ఒక పర్సెంటే తీసుకుంటా ఉండారు."

"వాళ్ళు ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి తీసుకుంటారు. నేను అమ్మేవాళ్ళ దగ్గర మాత్రమే తీసుకుంటా. ఇద్దరి కూడూ తింటే ఎవురి తట్టు మాట్లాడేది?"

ఈ కబుర్లు నమ్మడానికి మునేష్ నిన్న పుట్టాడా? బ్రోకర్లు రెండు పక్కలా ఎట్లా మింగుతారో కంపెనీ బస్సులో రోజూ వింటూనే ఉన్నాడు. ఆండర్సన్‌పేట నుంచి నరసాపురం బైకుల ఫ్యాక్టరీకి పోను రాను మూడు గంటలు ఆ బస్సులోనే గడుస్తుంది. పదకొండేళ్ళుగా అదే బతుకు. విసిగిపోయి ఫ్యాక్టరీ దగ్గరే రెండు గదుల ఇల్లు ఒకటి మాట్లాడుకున్నాడు. రెండు లక్షలు అడ్వాన్సు ఇచ్చేశాడు. మిగతా ఇరవై తొమ్మిది లక్షలు పదిహేనో తారీఖులోగా కట్టాలి. కట్టకపోతే ఆ ఇల్లూ పోతుంది, అడ్వాన్సూ పోతుంది. అందుకే బంగారు గనిలో పనిచేసిన నాయన కట్టిన ఈ ఇంటిని అమ్మకానికి పెట్టాడు.

"నిజం చెప్పు. కొనేవాడి దగ్గర ఎంత తిన్నావు?"

కదిరప్ప లేచి నిలబడ్డాడు. "ఆ మాట మాత్రం అనొద్దు. రెండు నెల్లు చెప్పులు అరిగేట్లు తిరిగినాను. ఒక్క రూపాయి తగ్గించను."

"అయితే పో. ఇంగ ఈ గేటు లోపలికి రావద్దు."

కదిరప్ప గేటు దాకా పోయి ఆగాడు.

"కోపంలో కొనేవానికి ఫోను చేసేవు. నీ అవసరం మాత్రం చెప్పుకోవద్దప్పా."

"నాకు నువ్వు బుద్ధి చెప్పాల్నా? పో."

మునేష్ భార్య మాల గుమ్మంలోంచి అంతా విన్నది. "ఏనుగును అమ్మి అంకుశం కాడ కొట్లాడినట్టు ఉండాది" అంది.

"నువ్వూరుకో."

ఆ సాయంత్రమే మునేష్ గిరీశ్‌కు ఫోన్ చేశాడు. ఇల్లు కొంటున్నది అతనే. రోజూ రైల్లో బెంగళూరు పోయొచ్చే ఉద్యోగి. ఇల్లు చూడటానికి వచ్చిన రోజు నంబరు ఇచ్చి పోయాడు.

"బ్రోకర్ లేడప్పా ఇంగ. మనమే నేరుగా చూసుకుందాం. పదైదో తారీఖు లోపల నాకు దుడ్డు కావాల, అంతే."

గిరీశ్ గొంతు తగ్గించాడు.

"ఆయన నిజంగా లేడా?"

"తరిమేసినా."

"అట్లయితే రేపు పొద్దున్నే వస్తా."

వచ్చాడు. గోడలు తట్టి చూశాడు. చీలికలు లెక్కపెట్టాడు. గాలి కొడితే గని మట్టి పోసిన సైనైడ్ గుట్ట దుమ్మంతా ఇంట్లోకే వస్తుందన్నాడు. చివరికి "ఇరవై ఏడు" అన్నాడు.

"నోరు చూసుకొని మాట్లాడు. ముప్పైకి ఒప్పుకున్నావు."

"అది ఆయనతో. నీతో ఇరవై ఏడు."

"లే. బయటికి పో."

"పోతాలే. పదైదో తారీఖు లోపల ఇంగొకడు దొరుకుతాడేమో చూసుకో."

ఇంకెవడూ దొరకలేదు. కదిరప్ప దగ్గరికి పొమ్మని మాల పోరు పెట్టింది. మునేష్ పోలేదు. పోవడానికి మొహం ఉండాలి కదా. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకున్నాడు. పదమూడో తారీఖున ఇరవై ఏడు లక్షలకే సంతకం పెట్టాడు. తక్కువపడిన రెండు లక్షలకు మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు.

రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి బయటికి రాగానే మునేష్ పోయి గిరీశ్ బైకుకు అడ్డం నిలబడ్డాడు.

"మూడు లక్షలు నా నోట్లోంచి పెరుక్కున్నావు. ఇట్ల చేసేవాడివి ఆ దినం ముప్పైకి ఎందుకు ఒప్పుకున్నావు?"

"ఒప్పుకోక ఏం చేసేది? ఆ దినమూ ఇరవై ఏడే అడిగినా. కదిరప్ప వినలేదు. ఇరవై తొమ్మిదికైనా దించమని కాళ్ళు పట్టుకున్నట్టు అడిగినా. వినలేదు. నా పెండ్లాము చైత్ర రెండు దినాలు ఆయన ముందర కూర్చొని ఏడ్చింది. అయినా దించలేదు. అమ్మేవాడి దగ్గర కూలి ఒప్పుకున్నా, వాడి తట్టే మాట్లాడతా అన్నాడు."

మునేష్ కోపం ఇంకా దిగలేదు.

"ఇల్లు కావాలంటే దుడ్డు తేవాల. ఒక బ్రోకర్ ముందర నీ పెండ్లాము కూర్చొని ఏడ్చేది ఏంది?"

గిరీశ్ బైకు స్టార్ట్ చేస్తూ అన్నాడు.

"కన్న నాయన ముందర కాక ఇంగెవురి ముందర ఏడుస్తాదప్పా."