మమత వడిబియ్యం

గుడిలో పెళ్లి అయిపోయింది. పెళ్లికొడుకు ఊరు కిమ్‌కు వెళ్లే వ్యాన్ గల్లీ చివర హారన్ కొడుతోంది. వడిబియ్యం పోయకుండా పిల్లను కదలనిచ్చేది లేదని వినోద గడపకు అడ్డంగా కూర్చుంది.

పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవికె గుడ్డ పళ్లెంలో సిద్ధంగా ఉన్నాయి. పెళ్లయి వెళ్లే ఆడపిల్ల ఒడి పుట్టింటివాళ్లే నింపాలి. అలా నింపితేనే ఆమెకు వెనక ఒక ఇల్లుందని పదిమందికీ తెలుస్తుంది. పోయాల్సిన పరుశురాం మాత్రం లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. భార్య వినోద ఎంత బతిమాలినా పెళ్లికి రాలేదు.

మరిది సురేశ్ ఖటోదరా కార్ఖానాలో మగ్గం ఆపేసి మరీ వచ్చాడు, తగువు పెట్టుకోవడానికి.

"మనింట్ల ఒడియా పెండ్లి ఏంది వదినా? సంపత్ చేసింది సాలలేదా? రేపు మందికి నేనేం జెప్పాలె?"

"లలితమ్మ బిడ్డ మరాఠీ పిలగాన్ని చేసుకుంటే పోయి రెండుసార్లు శ్రీఖండ్ ఏయించుకున్నవ్ గద. అప్పుడు మంది యాదికి రాలేదా?"

"అది పక్కింటి ముచ్చట."

"ఈ గల్లీల గసొంటియి ఆరు పెండ్లిళ్లు అయినయి. అన్నీ నీకు పక్కింటి ముచ్చట్లే."

వినోద పళ్లెం దగ్గరికి లాక్కుంది. "సంపత్ పెండ్లికి తలుపేసుకున్నం. రెండేండ్లు కొడుకు మొకం సూడలే. ఆ తప్పు మల్ల జేస్తనా?"

పట్టుచీరలో మమత మెల్లగా దగ్గరికి వచ్చింది. కాటుక అప్పటికే చెదిరిపోయింది.

"బాపు రాడా అమ్మా?"

"వస్తడు బిడ్డా."

"రాకపోతే ఖాలీ ఒడితోనే పోవాలా?"

ఆ మాటకు వినోద లేచి లోపలికి వెళ్లింది.

"లెవ్వు" అంది మొగుడితో.

"నా చేతులు వస్తలేవే." పరుశురాం ఇటు తిరగలేదు. "బియ్యం పోస్తే ఇగ పిల్ల పోయినట్టే. ఇంట్ల ఎవలుంటరు?"

"పొయ్యకున్నా పోతది. అప్పుడు ఎవ్వలు లేనిదాని లెక్క పోతది. అత్తగారింట్ల ఎవడన్న మాటంటే యాడికొచ్చి ఏడ్వాలె అది?"

ఆయన లేచి మొహం కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వచ్చాడు. మమత కొంగు పట్టింది. పరుశురాం దోసిలి నింపాడు. ముప్పై ఏళ్లు మగ్గం మీద దారాలు ముడివేసిన వేళ్ల సందుల్లోంచి సగం గింజలు కిందే రాలిపోయాయి. వినోద వంగి ఒక్కొక్కటే ఏరి మళ్లీ ఒడిలో వేసింది.

ఐదో దోసిలి పోశాక ఆయన పెళ్లికొడుకు ప్రశాంత్ చెయ్యి పట్టుకున్నాడు. ఆ అబ్బాయికి తెలుగు రాదు. అయినా తెలుగులోనే చెప్పాడు.

"దసరాకు నేనే వస్త, పిల్లను తీస్కపోనీకి. పంపియ్యకుంటే నీ గడపలనే కూసుంట."

మమత ఆయన కాళ్ల మీద పడింది. లేపబోయి, తానూ అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు పరుశురాం. సురేశ్ కూడా తువ్వాలు కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు.

మొగుడు సంపత్ చచ్చిపోయి మూడేళ్లయినా తన కన్నవాళ్లు గడప తొక్కనివ్వని ఒడియా కోడలు మమతకు, ఆ పూటతో అత్తమామలే పుట్టింటివాళ్లయ్యారు.