శివమ్మ బొట్టుబిళ్ల

తార్నాకలో ఆఖరి మెట్రో వెళ్లిపోయింది. యూనివర్సిటీ ల్యాబులో వాసంతి ఒక్కతే మిగిలింది. ఎదురుగా చేతిగాజంత రాగి చుట్టు, రెజొనేటర్. ఎలుకను కోయకుండా దాని ఒంట్లోని ఆక్సిజన్‌ను బొమ్మ తీయడానికి దీన్ని టెక్నీషియన్ పరశురాం కాకా నెల రోజులు కూర్చుని చేశాడు. ప్రాణమున్న ఒళ్లు అందులోకి వస్తే చాలు, తెర మీది గీతలో పల్లం ఎడమకు జరుగుతుంది.

"ఎలుక కన్న ముందు నా బొటనవేలు చూడాలె బిడ్డా," అంటూ ముందుగా తన వేలు చుట్టులో పెట్టి చూసేవాడు కాకా. తన వేలికి పల్లం ఆగే చోట, తెర మీద, భార్య శివమ్మ నుదుటి బొట్టుబిళ్ల తెచ్చి అంటించాడు. వారం నుంచి లాలాపేట్ ఇంట్లో జ్వరంతో పడుకున్నాడు.

ఇప్పుడు రెజొనేటర్ ఖాళీగా ఉంది. పల్లం మాత్రం సరిగ్గా బొట్టుబిళ్ల దగ్గర ఉంది.

వాసంతి తీగలు ఊడదీసి మళ్లీ బిగించింది. పల్లం అక్కడే ఉంది. ఫ్యాన్ ఆపింది. ఆ నిశ్శబ్దంలో కాకాకు ఫోన్ చేసింది. శివమ్మ ఎత్తింది.

"కాకా ఎట్లున్నడు చిన్నమ్మా?"

"పండుకున్నడు బిడ్డా. నిద్రల బొటనవేలు నిలబెట్టిండు, ఎంతకీ దించుతలేడు. చెయ్యి సల్లగైతున్నది."

పల్లం వణికింది. కుడికి, ఖాళీ వైపు జారడం మొదలుపెట్టింది.

"చిన్నమ్మా, ఆ వేలు పట్టుకో! గట్టిగ పట్టుకో!"

"పట్టుకున్న. ఏమైంది బిడ్డా?"

పల్లం ఆగింది. మెల్లగా వెనక్కి వచ్చింది. బొట్టుబిళ్లను దాటి, ఇంకో వేలంత ఎడమకు వెళ్లి నిలిచింది.

వాసంతి కుర్చీ తెర దగ్గరకు లాక్కుంది.

"ఇడువకు చిన్నమ్మా. తెల్లారేదాక నేను చూస్తుంట."