మిగిలిన బోల్టు

"నాన్నా, ఈ బోల్టు ఏ బండిది?"

నూనె ఓడుతున్న ట్రేలోంచి కూతురు తీసి చూపించిన బోల్టును చూసి షెడ్డు ఓనరు మొహం చిట్లించాడు. "ఏదో ఒకటి. పక్కన పడెయ్."

"ఏదో ఒకటి కాదు, బ్రేకు బోల్టు. పొద్దున మనం బ్రేకులు విప్పింది ఒక్క కారుకే. బ్యాంకాయనది."

"ఆ బ్రేకులు బిగించింది ఎవరు?"

"నువ్వే."

"మరి నోరు మూసుకుని పని చూసుకో."

షెడ్డులో రెంచీల చప్పుడు ఆగిపోయింది. పనివాళ్ళు తలలు ఎత్తకుండానే చెవులు ఇటు పెట్టారు. రోడ్డు పక్కన పంక్చర్లు వేస్తూ మొదలుపెట్టి ఇంత షెడ్డు కట్టిన మనిషి ఆయన. బ్రేకుల పని ఇంకొకళ్ళ చేతికి ఇచ్చిన పాపాన పోలేదు. ఆయన బిగించినదాంట్లో వంక వెతికే ధైర్యం ఎవరికుంది? ఒక్క ఆ పిల్లకే ఉంది. షెడ్డు తనకి అప్పజెప్పమని ఏడాదిగా తండ్రి ప్రాణం తోడేస్తున్నదీ ఆ పిల్లే. ఆయన "చూద్దాంలే" అని దాటేస్తూ వస్తున్నాడు.

"వాళ్ళు కొండ మీదికి వెళ్తున్నారు నాన్నా. కారులో చంటిపిల్ల కూడా ఉంది."

"అయితే? ఫోన్ చేసి ఏమంటావు? మా నాన్న బోల్టు బిగించడం మర్చిపోయాడంటావా? ఈ మాట బయటికి పొక్కిందంటే రేపట్నుంచి మనం ఈగలు తోలుకోవాలి."

ఆమె అప్పటికే ఫోన్ చెవిన పెట్టుకుంది. అవతల మోగుతోంది గానీ ఎత్తేవాళ్ళు లేరు. రెంచీలు సంచిలో వేసుకుని, బోల్టు జేబులో పెట్టుకుని, గోడ పక్కనున్న బైకు తీసింది.

"ఆ గేటు దాటావంటే షెడ్డు మీద ఆశ వదులుకో!"

ఆమె వెనక్కి తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు. "వదులుకున్నా" అని కిక్కు కొట్టింది.

అంతలా కేకలేసిన మనిషి, మధ్యాహ్నమంతా కూనిరాగాలు తీస్తూ తిరిగాడు. పనివాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు.

సాయంత్రం కూతురు ఒంటినిండా దుమ్ముతో వచ్చింది. షెడ్డు వెనకే ఇల్లు. తల్లి పరుగెత్తుకొచ్చింది.

"దొరికారా?"

"కొండ మొదట్లో పెట్రోలు బంకు దగ్గర ఆగారమ్మా. ఆయన ముందు కయ్యిమన్నాడు. వినకుండా అక్కడే చక్రాలు విప్పాను. ముందు ఎడమ చక్రం బ్రేకుకి రెండు బోల్టులు ఉండాలా, ఒక్కటే ఉంది! ఇది పెడితే సరిగ్గా కూర్చుంది. అది చూసి ఆయనే నాకు దండం పెట్టాడు. వాళ్ళావిడైతే నా చేతులు పట్టుకుని వదల్లేదు. జన్మలో వేరే షెడ్డు గడప తొక్కం అంది."

ఓనరు పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. మొహాన నెత్తురు చుక్క లేదు. కాసేపటికి లేచి, తాళాల గుత్తి తెచ్చి కూతురి చేతిలో పెట్టాడు.

"రేపట్నుంచి ఇదంతా నీదే తల్లీ. నేను బిగించిన బండైనా సరే, నువ్వు చూశాకే గేటు దాటాలి."

పిల్ల ఎగిరి గంతేసింది. పనివాళ్ళు ఈలలు వేశారు. ఎన్నాళ్ళకో ఆ షెడ్డు పెళ్ళిల్లులా ఉంది.

భార్య మాత్రం ఆయన పక్కకి చేరి గొంతు తగ్గించింది. "పొద్దున అంత ఎగిరారు, ఇప్పుడు ఏకంగా తాళాలే ఇచ్చేశారు. ఒక్క బోల్టు మర్చిపోయినందుకు ఇంత బెంబేలు పడాలా? అది దొరికింది, పిల్ల వెళ్ళి బిగించేసింది కదా!"

ఆయన నుదుటి మీది చెమట తుడుచుకున్నాడు.

"అది అసలా కారు బోల్టే కాదే. పిల్ల ఏం చేస్తుందో చూద్దామని, పాత సామాన్ల డబ్బాలోంచి తీసి ట్రేలో నేనే వేశాను."