పక్క చాప స్వామి

"అడ్డం లెండి స్వామీ! నేను లోపలికి పోవాలి."

బుల్లయ్య కన్నా ముందే వచ్చి సారా కొట్టు మెట్టు మీద కూర్చున్న స్వామి కదల్లేదు.

బుల్లయ్య తన మెడలో మాల తీసి జేబులో వేసుకుని, షెడ్డు గోడ దూకి వచ్చాడు. దీక్షలో అది ఇరవయ్యో రోజు.

చీరాల్లో గురుస్వామి శేషాచలం గారి షెడ్డు అది. తాగుడు మానాలనుకున్నవాళ్లు నలభయ్యొక్క రోజులు అయ్యప్ప మాల వేసుకుని అక్కడే ఉంటారు. డాక్టరు సూది వేస్తాడు, గురుస్వామి తెల్లారకముందే చన్నీళ్లు పోయిస్తారు. రెండూ వణికించేవే. పూటపూటా భజన. అందరికీ అందరూ స్వాములే, పేరూ ఊరూ అడగకూడదు.

మెట్టు మీది స్వామిది షెడ్డులో బుల్లయ్య పక్క చాప. ఆయన తాగుబోతు కాడు. ఎందుకొచ్చాడో ఎవరికీ తెలియదు. మొదటి వారం బుల్లయ్య వాంతులు ఎత్తిపోసిందీ, గంజి తాగించిందీ ఆయనే.

"మాలేసుకున్న స్వామి గుమ్మంలో ఉంటే నేను సారా పొయ్యను. పిల్లలుగలోణ్ణి," అన్నాడు కొట్టు అంకయ్య.

బుల్లయ్యకు ఒళ్లు మండిపోయింది.

"నా బాధ నీకేం తెలుసయ్యా? కళ్లు మూస్తే ఆ పిల్లే! మిరపకాయల లోడుతో గుంటూరు పోతా, తాగిన మత్తులో ట్రాక్టరు ఎక్కించేశా. ఏడేళ్ల పిల్ల!"

స్వామి తల వంచుకున్నాడు.

"అసలు తప్పు ఆ తండ్రిది! పిల్లని రోడ్డు మీదికి వదిలి ఎక్కడ చచ్చాడు?"

స్వామి కండువాతో మొహం తుడుచుకున్నాడు. మెట్టు మీంచి లేచాడు.

"పోదాం పదండి స్వామీ. భజనకి వేళయింది."

బుల్లయ్య భోరున ఏడ్చాడు. ఆ సాయంత్రం గురుస్వామి అతని మెడలో మాల మళ్లీ వేశారు.

దీక్ష పూర్తయింది. పక్క చాప స్వామి పొలం పనుందని తన ఇరుముడి గురుస్వామికిచ్చి ఊరెళ్లిపోయాడు. బుల్లయ్య శబరిమల వెళ్లొచ్చాడు.

"తాగుడు మానావు, సంతోషం. ఇక ఆ పిల్ల తండ్రి కాళ్ల మీద పడిరా," అన్నారు శేషాచలం గారు.

కోర్టులో కూడా తలెత్తి ఆ తండ్రి మొహం చూడలేదు బుల్లయ్య. పదిహేను రోజులకి ధైర్యం చేసుకుని మార్టూరు పక్కనున్న ఆ ఊరికి వెళ్లాడు. పిల్ల తల్లి వెంకటేశ్వరమ్మ వాకిట్లో కూర్చుని ఉంది.

"అమ్మా, నేను... ట్రాక్టరు బుల్లయ్యని. మీ పాపని..." చేతులు జోడించాడు. "తాగుడు మానేశానమ్మా. మీ ఆయన కాళ్లు పట్టుకుందామని వచ్చా."

ఆమె తిట్టలేదు. అతన్ని ఎగాదిగా చూసింది.

"ఆయన లేడు నాయనా. పత్తికి మందు కొడతా పడిపోయాడు. నిన్ననే పదో రోజు చేశాం."

బుల్లయ్య అక్కడే కూలబడ్డాడు.

"ఒక్కసారి కనపడ్డా బాగుండేది తల్లీ. కాళ్లు పట్టుకునేవాణ్ణి."

వెంకటేశ్వరమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

"నలభయ్యొక్క రోజులు చీరాల్లో నీ పక్కనే ఉండొచ్చాడుగా నాయనా, అప్పుడు పట్టుకోకపోయావా?"